సోమవారం హాజరు

ఉపాధ్యాయ దినోత్సవం నాడు బడి పంతుళ్లకు శాలువాలు కప్పేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఊరి పెద్దలు కప్పుతారు, పూర్వ విద్యార్థులు కప్పుతారు, ఈమధ్య చర్చిలు కూడా కప్పుతున్నాయి. సెప్టెంబరు మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక ఊళ్లో పనిచేసే సార్లను, మేడమ్‌లను ముందుకు పిలిచి, వాళ్ల కోసం ప్రార్థన చేసి, ఒక జ్ఞాపిక చేతిలో పెట్టి పంపడం మంచి అలవాటే. ఏ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజున ఈ వేడుక జరుపుకుంటున్నామో ఆయనే 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలకు అలంపూర్ వచ్చారు. చదువు చెప్పేవాళ్లను గౌరవించడం ఈ నేలకు ఎవరో నేర్పాల్సిన పని కాదు. అయితే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డ పల్లెల్లో పంతులుకు సెప్టెంబరు నెల ఎట్లా గడుస్తుందో తెలిసినవాళ్లకు ఆ శాలువా చాలా పలచగా కనిపిస్తుంది. హాజరు పట్టీలో పేర్లుంటాయి, తరగతి గదిలో పిల్లలుండరు. చర్చి నిజంగా పంతులు పక్కన నిలబడదలచుకుంటే ఆ ఖాళీ బెంచీ దగ్గరే మొదలుపెట్టాలి. అక్కడ చర్చి చేయగలిగినంత పని ఈ ప్రాంతంలో మరే సంస్థా చేయలేదని నా నమ్మకం.

పిల్లలు ఎక్కడికి పోతారో చెప్పాలంటే పత్తి పువ్వు గురించి చెప్పాలి. నడిగడ్డలో గద్వాల, అయిజ, మానవపాడు చుట్టుపక్కల సీడు పత్తి పెద్ద పంట. మామూలు పత్తిలో పూత దాని మానాన అది కాయవుతుంది. విత్తన పత్తిలో ప్రతి పువ్వునూ మనిషి చేత్తో ముట్టుకోవాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవ్వాళ మధ్యాహ్నం దాటాక గుర్తుపట్టి, లోపలి కీలం విరగకుండా గోటితో రేకులూ పుప్పొడి తిత్తులూ వలిచెయ్యాలి. మర్నాడు పొద్దున ఎండ ముదరకముందే మగ మొక్కల పూలు కోసుకొచ్చి ఆ కీలానికి పుప్పొడి రుద్దాలి. క్రాసింగ్ అనేది దీన్నే. ఆగస్టులో మొదలైతే రెండు మూడు నెలలు రోజూ ఇదే పని, ఎందుకంటే విచ్చుకున్న పువ్వు ఇంకో రోజుకు ఆగదు. పుప్పొడి రుద్దే వేళ బడిలో మొదటి పీరియడ్ల వేళ, మొగ్గ వలిచే వేళ చివరి పీరియడ్ల వేళ. రెంటికీ మధ్య బడికంటూ మిగిలేది మధ్యాహ్న భోజనం గంట. చెట్టు ఎత్తు తక్కువ, పిల్లల వేళ్లు సన్నం, కూలి చౌక, ఎదురుచెప్పరు. పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని ఈ పనిలోకి దింపడానికి ఏళ్ల తరబడి వినిపిస్తున్న కారణాలివే. మొదటి రెండూ సాకులు, చివరి రెండే అసలు సంగతి.

చట్టం లేక కాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు బడిలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. పద్నాలుగేళ్లలోపు వాళ్లను పనిలో పెట్టుకోకూడదని 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి మరీ చెప్పారు. కానీ అదే సవరణ బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడటాన్ని మినహాయించింది. పెద్ద కమతాల్లో బయటి పిల్లల్ని పెట్టుకుంటే అధికారులు వస్తారన్న భయం పుట్టాక విత్తన సాగు మెల్లగా అరెకరం, ఎకరం ఉన్న చిన్న రైతుల చేతికి, ఇంటిల్లిపాదీ కలిసి చేసే పనిగా మారుతూ వచ్చింది. ఇప్పుడు పంతులు ఇంటికి పోయి అడిగితే తండ్రి చెప్పే జవాబు ఒక్కటే: మా చేన్లోనే కదా సార్, బయటికేం పంపలేదు కదా. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. లేబర్ ఆఫీసరు ప్రతి చిన్న చేనులోకీ దిగడు, ఎంఈఓ దిగడు. పంతులు మూడోసారి పోతే ఊరితో పోరు పెట్టుకున్నవాడవుతాడు. 2011 జనాభా లెక్కల్ని ఇప్పటి జిల్లాలకు పంచి చూస్తే జోగులాంబ గద్వాల అక్షరాస్యత 50 శాతానికి కొంచెం ఇవతలే ఆగి రాష్ట్రంలో అట్టడుగున ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూలు 50 దాటాయి గానీ 60కి చేరలేదు. ఈ అంకెల వెనక బడులు లేకపోవడం ఒక కాలపు కారణం. బడి ఉండి, పంతులు ఉండి, పిల్ల మాత్రం చేన్లో ఉండటం మన కాలపు కారణం.

ఇక్కడే చర్చి మాట వస్తుంది. సర్కారు బడిలో ఇవాళ మిగిలినవాళ్లలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలి కుటుంబాల పిల్లలు. పల్లె చర్చిలో ఆదివారం చాప మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమందీ ఆ కుటుంబాలవాళ్లే. పంతులు ఆ ఇంటి గడప దగ్గర ఆగిపోతాడు, పాస్టరు లోపలికి పోతాడు. బిడ్డ పుడితే, జ్వరమొస్తే, మొగుడు వలసపోయి ఫోను చేయకపోతే, ఇంట్లో ఎవరైనా పోతే ముందు పిలిచేది ఆయన్నే. తల్లి తన మనసులో మాట చెప్పుకునేది స్త్రీల కూటంలో. ఏ ఇంట్లో ఏ పిల్ల ఎన్నాళ్లుగా బడి మానేసిందో సంఘంలో పెద్దమ్మలకు తెలిసినంతగా ఏ ఆన్‌లైన్ వివరాల పట్టికకూ తెలియదు. అంటే పంతులుకు అందని చోట చర్చికి చేయి అందుతుంది. చట్టం చొరబడలేని సొంత చేను చర్చికి పరాయిది కాదు. ఆ అందే చేతిని పంతులు కోసం వాడటమే అసలైన ప్రోత్సాహం.

ఈ ప్రాంతంలో చర్చికీ చదువుకూ ఉన్న పాత లెక్క ఒకటి గుర్తుచేసుకోవాలి. అమెరికా మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ 1899లో హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలు కేంద్రంగా పనిచేశారు, తర్వాత వనపర్తిలోనూ మిషన్ వెలసింది. పాలమూరు, గద్వాల క్షేత్రాలు మొదట అమెరికన్ బాప్టిస్టులవి, 1937లో అవీ మెన్నొనైట్లకు వచ్చాయి. అప్పటి పద్ధతిలో పల్లెకు పంపే మనిషి ఒక్కడే. ఆదివారం వాక్యం చెప్పేది ఆయనే, వారంలో అక్షరాలు దిద్దించేది ఆయనే. పిల్లలు పగలంతా పశువుల వెంట ఉంటారు కాబట్టి దీపం పెట్టుకుని రాత్రిబడి నడిపేవాళ్లు. కృష్ణకు ఇటువైపైనా, గోదావరి దాకా పోయినా ఇదే తీరు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య పల్లె ఉపాధ్యాయుల శిక్షణనే తన పనికి పునాదిగా పెట్టుకున్నారు, భర్తలతోపాటు భార్యలకూ తర్ఫీదు ఇప్పించారు. ఊరి బడి తలుపు మూసి ఉన్న రోజుల్లో మాలవాడకూ మాదిగవాడకూ మొదటి పలక వచ్చింది ఆ దారినే. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. పంతులు జీతం దూరదేశపు కానుకల మీద ఆధారపడింది, కానుకలు తగ్గినప్పుడు బడులు మూతపడ్డాయి. చాలాచోట్ల చదువు గ్రంథం చదవగలిగేదాకా సాగి ఆగిపోయింది. వాక్యం చెప్పే మనిషి, పాఠం చెప్పే మనిషి వేరు కావడం, పాఠం బాధ్యత సర్కారు మీదికి రావడం మంచి మార్పే, ఆ రెంటినీ మళ్లీ కలపాలని ఎవరూ కోరుకోకూడదు. కానీ వేరుపడ్డాక ఒకరి ముఖం ఒకరు చూడటం మానేశారు. మొదటి పంతుల్ని ఇచ్చిన సంఘమే ఇవాళ ఊరి పంతులు ఒంటరిగా ఇల్లిల్లూ తిరుగుతుంటే పక్కకు చూస్తోంది.

అయితే ఏం చేయాలి? మొట్టమొదట సంఘ పెద్దలు, పాస్టరు తమ ఇళ్ల దగ్గరే తేల్చుకోవాలి. క్రాసింగ్ రోజుల్లో మా పిల్లల్ని బడి మాన్పించం, ఇంకొకరి పిల్లల్ని మా చేన్లో పెట్టుకోం, కూలి పిల్లల్ని ఆటోల్లో ఎక్కించి తీసుకుపోయే పనిలో మావాళ్లు ఉండరు అని సంఘమంతటి ముందు చెప్పగలగాలి. ఇది అన్నిటికంటే కష్టమైన మాట, ఎందుకంటే సంఘానికి ఎక్కువ కానుక ఇచ్చే విశ్వాసి సీడు రైతే కావచ్చు, పిల్లల్ని కూడగట్టే మేస్త్రీ పెద్దల్లో ఒకడే కావచ్చు. పాస్టరుకు ఆ ధైర్యం రాకపోతే మిగతా సాయాలన్నీ చేసి లాభం లేదు. ఆ తర్వాత ఆదివారం ప్రకటనల్లో, పెళ్లిళ్లూ కూటాలూ చెప్పే చోటనే, ఈ వారం బడికి పోని పిల్లల సంగతి మాట్లాడాలి. పేర్లు చదివి తల్లిదండ్రులను అవమానించడం వద్దు. ఆ ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు పోయి కూర్చుని మాట్లాడటం మేలు. సోమవారం పిల్ల బడికి పోయిందా లేదా అన్నది పంతులును అడిగి తెలుసుకోవాలి. ఆ ఒక్క ఫోను ఆయనకు ఇచ్చే ఊరట ఏ సన్మానపత్రమూ ఇవ్వదు. తను చెప్పిన మాటనే ఊళ్లో ఇంకొక గొంతు చెబుతోందని ఆయనకు తెలుస్తుంది.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్లకు మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. శాంతా సిన్హా ఆధ్వర్యంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1990లలో చేసిన పని సారాంశం ఇదే: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని ఊరు ఒప్పుకోవాలి, పిల్లల్ని పనికి పంపడం తప్పన్నది ఊరి కట్టుబాటు కావాలి. ఆ పనిలో ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ముందుకు నడిచారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పంతుళ్లలో ఉత్సాహం చచ్చిపోయిందని తీర్పు చెప్పేవాళ్లు ఆ వేదికను గుర్తుపెట్టుకోవాలి. ఊరు కదిలిన చోట పంతులూ కదిలాడు. ఊరిని కదిలించడానికి అప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ బయటి నుంచి రావాల్సి వచ్చింది. చర్చి ఊళ్లోనే ఉంది, వారం వారం కూడుతోంది, నిధులు ఆగిపోతే తట్టాబుట్టా సర్దుకుని పోయేది కాదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికంటే బరువైనది మతం గురించి. చర్చి బడి జోలికి వస్తే దాని వెనక మత ప్రచారం ఉంటుందన్న అనుమానం ఊళ్లో పుడుతుంది, ఈ రోజుల్లో ఇంకా తొందరగా పుడుతుంది. ఈ అనుమానాన్ని కేవలం ద్వేషమని కొట్టిపారేయడం న్యాయం కాదు. వాక్యం, పాఠం ఒకే నోట వచ్చిన చరిత్ర మనదేనని ఇంతకుముందే ఒప్పుకున్నాం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. చర్చి దాన్ని అడ్డంకిగా చూడక తన నియమంగా పెట్టుకోవాలి. కరపత్రం, ప్రార్థన, క్రిస్మస్ పేరుతో పంచే బహుమతి ఏదీ బడి ఆవరణలోకి పోకూడదు. విశ్వాసులు బడికి పోయేది తల్లిదండ్రులుగా. 2024 నుంచి ఉన్న అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశానికి సంఘంలోని తల్లులు తప్పకుండా హాజరై, తాగునీటి గురించో మరుగుదొడ్డి గురించో అడగాలి, సంతకం పెట్టి రావాలి. ఇంకో ముఖ్యమైన మాట: పంతులు జోగులాంబ భక్తురాలు కావచ్చు, నమాజు చేసే మనిషి కావచ్చు. ఆమెకు తోడ్పడటం ఆమెను మార్చడానికి వేసిన మొదటి అడుగు అయితే అది తోడ్పాటు కాదు, మోసం. అలంపూర్‌లో బాలబ్రహ్మేశ్వరుడి గుడి పక్కనే దర్గా ఉంది. క్రాసింగ్ కాలంలో పిల్లలు బడిలోనే ఉండాలన్న మాటను చర్చి ఒక్కటే చెప్పకుండా గుడి పెద్దల్ని, మసీదు పెద్దల్ని కలుపుకుని చెబితే దానికి మతం రంగు అంటదు, బలమూ పెరుగుతుంది. ఇంత చేసినా అనుమానం పూర్తిగా పోదు. అన్ని పనులూ పగటిపూట, పదిమందికీ తెలిసేలా చేయడం తప్ప దానికి మందు లేదు.

రెండో అభ్యంతరం పేదరికం. పిల్ల తెచ్చే కూలి లేకపోతే ఇల్లు గడవదు, ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకు బడి గురించి చెప్పడానికి పాస్టరెవరు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని చూడకుండా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. పిల్లలు చౌకగా దొరుకుతున్నంత కాలం పెద్దల కూలి కూడా పెరగదన్నది మిగతా సగం. తల్లికి రావాల్సిన కూలిని కూతురే తగ్గిస్తోందని తల్లికి చెప్పగలిగినవాళ్లు కావాలి. పైగా చాలా ఇళ్లలో పిల్ల చేనుకు పోయేది ఆ రోజు కూలి కోసం కూడా కాదు, ముందే తీసుకున్న అడ్వాన్సు కోసం. ఆసుపత్రి ఖర్చుకో, పెద్దపిల్ల పెళ్లికో, పాత బాకీకో విత్తన రైతు దగ్గర డబ్బు తీసుకుంటారు, పిల్ల ఆ సీజనంతా ఆ అప్పు తీరుస్తుంది. ఈ ముడి దగ్గర చర్చి చేయగలిగింది చిన్నదే గానీ సూటిగా తగులుతుంది. మన తెలుగు సంఘాల్లో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి దేవుని కోసం పక్కన పెట్టే అలవాటు ఉంది. సంఘ వార్షికోత్సవానికి పందిళ్లు, మైకులు, భోజనాలు అంటూ వేలు ఖర్చవుతాయి. వాటిలో ఒక వాటాను వడ్డీలేని చేబదులుగా, బడి మానబోయే ఆడపిల్ల ఉన్న ఇంటికి ముందుగా ఇవ్వొచ్చు. అందరికీ సరిపోదు. కొందరికి సరిపోయినా కొన్ని బెంచీలు నిండుతాయి.

పాస్టర్లే పేదవాళ్లు, వారం రోజులు కూలికి పోయి ఆదివారం వాక్యం చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మీద ఈ బరువేమిటని కూడా అడగొచ్చు. ఇందాకటి చేబదులు తప్ప నేను చెబుతున్నవాటిలో డబ్బుతో ముడిపడ్డవి దాదాపు లేవు. చర్చి గది వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది. అందులో కరెంటుంది, ఫ్యానుంది, చాపలున్నాయి. ఒంటిగది ఇంట్లో టీవీ మధ్య, చంటిపిల్లల మధ్య చదవలేని పదో తరగతి పిల్లలకు సాయంత్రం రెండు గంటలు ఆ గది తెరిస్తే చాలు, ఏ మతం పిల్లలైనా సరే, ప్రార్థనతో మొదలుపెట్టకుండా. డిగ్రీ చదివి ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న యౌవనస్థులు ప్రతి సంఘంలోనూ ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్లు లెక్కలు, ఇంగ్లిషు దగ్గరుండి చేయిస్తారు. పంతులు పొద్దున తరగతిలోకి వచ్చేసరికి నిన్నటి లెక్క చేసిన పిల్లలు ఎదురుగా ఉంటే ఆయన ఆ రోజు కొత్త పాఠం చెప్పగలడు. ఈస్టరుకు ముందటి శ్రమల దినాల కూటాలు, పదో తరగతి పరీక్షలు ఒకే నెలలో వచ్చిపడుతుంటాయి. ఆ వారాల్లో మైకు బయటికి వినిపించకుండా చూసుకోవడానికైతే రూపాయి ఖర్చు లేదు.

పంతుళ్లు ఈ తోడ్పాటుకు తగినవాళ్లేనా అన్న ప్రశ్న ఊళ్లలో కొంచెం చేదుగా వినిపిస్తుంది. కర్నూలులోనో గద్వాలలోనో ఉండి వచ్చిపోతారని, తమ పిల్లల్ని మాత్రం ప్రైవేటు బడుల్లో చేర్పిస్తారని అంటారు. నిజమైన ఫిర్యాదు ఉంటే కమిటీలో ముఖాముఖి అడగాలి, అరుగుల మీద కాదు. కానీ రానివాడి కోపాన్ని వచ్చేవాడి మీద తీర్చుకోవడం మన అలవాటైపోయింది. 2024 డీఎస్సీలో ఎంపికై తెలియని ఊరికి మొదటిసారి వచ్చిన యువ ఉపాధ్యాయులు ఎందరో. ఒంటరి ఆడపిల్లకు ఊళ్లో అద్దె గది దొరకాలంటే కులం అడుగుతారు, తోడెవరని అడుగుతారు. ఒక విశ్వాసి ఇంట్లో గౌరవంగా ఒక గది దొరికితే ఆ మేడమ్ ఊళ్లోనే ఉంటుంది, లేకపోతే ఆమె కూడా బస్సు టైము చూసుకునే పంతులే అవుతుంది.

చర్చివాళ్లకు రుచించని మాట ఇంకొకటి చెప్పక తప్పదు. క్రైస్తవ యాజమాన్యాల కింద ఇంగ్లిషు మీడియం బడులు ఈ జిల్లాల్లోనూ ఉన్నాయి. చిన్న ప్రైవేటు బడుల్లో టీచర్ల బతుకు ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు: ఉపాధి కూలికి దగ్గరగా ఉండే జీతం, వేసవి సెలవుల్లో అదీ ఉండదు, అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరగాలి. మన బడులు ఇందుకు భిన్నంగా ఉన్నాయా? పన్నెండు నెలల జీతం, ప్రసూతి సెలవు ఇవ్వని యాజమాన్యం సర్కారు పంతులుకు శాలువా కప్పడం చూడ్డానికి బాగుండదు. సంఘంలో సభ్యులుగా ఉన్న టీచర్ల సంగతీ అంతే. వారమంతా పాఠాలు చెప్పి వచ్చినవాళ్లకే సండే స్కూలు, లెక్కల పుస్తకం, మినిట్స్ రాయడం, సెలవుల్లో పిల్లల బైబిలు తరగతులు అప్పగిస్తాం, రాత వచ్చినవాళ్లు వాళ్లే కాబట్టి. ఒక ఏడాది ఆ పనులు ఇంకెవరైనా చేసి వాళ్లను వెనక వరసలో ఊరికే కూర్చోనిస్తే అదీ ఒక ప్రోత్సాహమే.

వీటన్నిటికీ ఒక వేళ ఉంది, ఆ వేళ సెప్టెంబరు కాదు. విత్తనాలు నాటకముందే అడ్వాన్సులు చేతులు మారతాయి, ఒకసారి డబ్బు తీసుకున్నాక తండ్రి మాట వెనక్కి తీసుకోలేడు. బడిబాట పేరుతో పంతుళ్లు పిల్లల పేర్లు రాసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగేది జూన్‌లో. కాబట్టి సంఘం ఈ విషయం మాట్లాడాల్సింది మే నెలలో, పిల్లల సెలవు తరగతులు ముగిసే ఆదివారం, తల్లిదండ్రులంతా పిల్లల పాటలు వినడానికి ఎట్లాగూ వచ్చి కూర్చునే రోజున. ఆ రోజు పెద్దలు తమ మాట చెప్పేసి, చేబదులు అవసరమైన ఇళ్లేవో స్త్రీల కూటం చూసుకుని, బడి తెరిచిన మొదటి వారంలో హెచ్‌ఎంను కలిసి, సాయంత్రం గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో చెప్పి రావాలి.